అందరూ దిగండి

రేవులో ఆకుపచ్చ క్రేనును ముప్పై ఒక్క ఏళ్ళుగా నడుపుతున్న ఆ మనిషి చేతుల గురించి జనం చెప్పుకునే మాటల్లో సగానికి సగం కొట్టేసినా, మిగిలింది ఇద్దరు మనుషులకు సరిపోతుంది. ఓడ కెప్టెను నెత్తిమీది టోపీని కొక్కెంతో ఎత్తి, ఆయనకు తెలియకుండానే తీసుకెళ్ళి గేటు స్తంభానికి తగిలించాడని ఒక మాట. ఎనభై అడుగుల ఎత్తున కూర్చుని, కింద పోతున్న లారీ డ్రైవరు గ్లాసులో చెంచా పెట్టి టీ కలిపాడని ఇంకో మాట. ఈ రెండోదాని గురించి ఎవరైనా అడిగితే ఆయన ఎంతో నిజాయితీగా తల అడ్డంగా ఊపి, లారీ అప్పుడు ఆగే ఉందని చెప్పేవాడు.

అలాంటి మనిషి ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి కూర్చుని, ఏటా జరిగే చేతి పరీక్షకు ఈసారి వెళ్ళననీ, రేపు కాక పై సోమవారం, ఆ పరీక్ష రోజునే, క్రేను తాళాలు అప్పగించి, గేటు దగ్గర కుర్చీ ఉద్యోగం ఇమ్మని కాగితం పెట్టేస్తాననీ, మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా చెప్పాడు.

ఎదురుగా కూర్చున్న అన్న కూతురి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మానాన్నలు పోతే పెంచి పెద్దచేసింది ఈ బాబాయీ పిన్నీనే. ఇప్పుడామెకు ముప్పై నాలుగు. ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేసే ఆఫీసులో తప్పులు పట్టే ఉద్యోగం. ఏ ఆట చేతికిచ్చినా, బాగుందని ఒక మాట అనేలోపు పదిహేడు కొర్రీలు వేస్తుంది గనక అక్కడ అందరూ ఆమెను కొర్రీలక్క అంటారు. ఆ పేరు నడుచుకుంటూ ఇంటిదాకా వచ్చేసింది. కోపం వచ్చినప్పుడు పిన్ని కూడా అలాగే పిలుస్తుంది.

కొర్రీలక్క తన పని తాను మొదలుపెట్టింది. కళ్ళు మసకబారాయా? లేదు. మెట్లెక్కలేకపోతున్నాడా? నిన్ననే మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. పై అధికారి ఏమైనా అన్నాడా? ఆయన్ని అనేంత మొనగాడు రేవులో ఇంకా పుట్టలేదు. ఎన్ని అడిగినా బాబాయి పళ్ళెంలోకే చూస్తూ నీళ్ళు నమిలాడు. చివరికి పిన్నికే ఉండబట్టలేదు.

"ఇంకేముందే, మీ పడవ ఆట. మూడు వారాలుగా ఎక్కించినవాళ్ళని ఎక్కించినట్టే దింపేస్తున్నాడు. తన వేలు తన మాట వినట్లేదట. ఆటలో పన్నెండు మందిని కూర్చోబెట్టలేని చెయ్యి, కింద మనుషులు తిరుగుతుంటే ఇరవై టన్నులు ఎలా తిప్పుతుందని బెంగ పెట్టుకున్నాడు."

ఆ పడవ ఆట కొర్రీలక్క ఆఫీసులో చేసిందే. పేరు పన్నెండు తెడ్లు. ఒడ్డున అరవై మంది తెడ్లువేసేవాళ్ళు నిలబడి ఉంటారు. వాళ్ళలోంచి పన్నెండు మందిని ఏరి, పడవలో తగిన చోట్లలో కూర్చోబెట్టాలి. బరువైనవాళ్ళంతా ఒకే పక్కకు చేరితే పడవ ఒరుగుతుంది. పాత పగలున్న ఇద్దరిని ముందూ వెనకా వేస్తే, ఏటి మధ్యలో తెడ్లు వదిలేసి జుట్లు పట్టుకుంటారు. ఒకడు పాడుతూ ఉంటే తప్ప తెడ్డు వెయ్యడు. ఇంకొకడు పాట చెవిన పడితే తెడ్డు వెయ్యడు. పడవ కదిలాక చూసేది రెండు నిమిషాలే. ఏరడానికి మాత్రం గంట పడుతుంది, బాబాయిలాంటి వాడికైతే పూట. పన్నెండు మందీ కుదిరాక 'బయల్దేరు' అనే బొత్తాం నొక్కాలి. దాని కిందే, తెరకు కుడివైపు అడుగు మూలలో, ఇంకో బొత్తాం ఉంది. దాని మీద 'అందరూ దిగండి' అని ఉంటుంది. అది నొక్కితే పడవ ఖాళీ. ఎవరెక్కడ కూర్చున్నారో ఆనవాలు కూడా మిగలదు.

భోజనాలయ్యాక ఆమె బాబాయిని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, తన కళ్ళముందు ఒక్కసారి ఆడమంది. ఆయన ముందు బెట్టుచేశాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకున్నాడు. తర్వాత నలభై నిమిషాలు ఈ లోకంలో లేడు. పదకొండు మందిని గోరంత తేడా రాకుండా కూర్చోబెట్టాడు. పాడేవాణ్ణి తోక దగ్గర, పాట పడనివాణ్ణి గాలికి ఎదురుగా. ఇక మిగిలింది పన్నెండోవాడు. వాడి చోటు పడవ ముక్కు దగ్గర, అంటే తెర ఎడమవైపు పై మూలలో. కుడిచేత్తో ఫోను పట్టుకున్నవాడు బొటనవేలిని అంతదూరం సాచాలి. బాబాయి సాచాడు. వేలు వెళ్ళవలసిన చోటికే వెళ్ళింది. కానీ వేలు అంత దూరం పోతే దాని మొదట్లో ఉన్న అరచేతి కండ కూడా లోపలికి ఒరగక తప్పదు. అది కుడివైపు అడుగు మూలను మెత్తగా అదిమింది. పదకొండు మందీ ఒక్కసారిగా మాయమయ్యారు.

బాబాయి ఎవరినీ తిట్టలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని, తన బొటనవేలిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"చూశావుగా అమ్మాయ్."

"చూశాను బాబాయ్. తప్పు నీ వేలిది కాదు. ఆ బొత్తాన్ని అక్కడ పెట్టకూడదు."

"నన్ను ఊరడించడానికి చెప్పకు. లక్షమంది ఆడుతున్నారని నువ్వే అన్నావు. ఒక్కడైనా అన్నాడా ఈ మాట? రేవులో కొక్కేనికి పగులు కనిపిస్తే బోర్డు మీద రాస్తాం, దారినపోయేవాడు కూడా చదివేలా. బొత్తాం తప్పయితే మీ ఆఫీసువాళ్ళని అలా రాయమను. రాస్తే నమ్ముతాను. లేదంటే పై సోమవారం నా కాగితం నేను ఇచ్చేస్తాను."

ఆమె తలూపింది. తలూపడం తేలికే. ఆ మూలన ఆ బొత్తాం పెట్టిన ఆటను పరీక్షించి, అంతా బాగుందని మూడు నెలల కిందట సంతకం పెట్టింది ఎవరో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఆ సంతకం ఆమెదే.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఆట ఏదైనా, అందులో మార్పు ఎంత చిన్నదైనా, కొర్రీలక్క 'సరే' కాగితం మీద సంతకం పెడితేనే బయటికి వెళ్ళాలి. ఆ పద్ధతి పెట్టింది సాక్షాత్తూ యజమానే. పూర్వం ఒక గుర్రప్పందెం ఆటను ఆయన తొందరపడి ఎవరికీ చూపించకుండా వదిలితే, అందులో గుర్రాలన్నీ వెనక్కి పరిగెత్తి, మొదలుపెట్టిన గీత దాటి, ఆటలో లేని ఊళ్ళలోకి పోయాయట. వాటిని వెతికి పట్టుకురావడానికి వారం పట్టిందని ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ దెబ్బకు ఆయన వీధి తలుపు పైన పెద్దక్షరాలతో రాయించాడు, కొర్రీ తీరనిదే గడప దాటదు అని.

మరి అంతటి కొర్రీల మనిషికి ఈ మూల ఎందుకు కనపడలేదంటే, చెక్క స్టాండ్ల వల్ల. పరీక్షించేటప్పుడు ఫోను కదిలితే పైనున్న కెమెరాలో బొమ్మ చెదురుతోందని, బల్లలకు స్టాండ్లు దిగ్గొట్టి, ఫోన్లను వాటికి మరలతో బిగించేశారు. ఆమె వాటి ముందు కూర్చుని చూపుడువేలితో నాలుగువేల సార్లు పడవ నింపింది. చూపుడువేలు పైనుంచి దిగి, పని చూసుకుని, తిరిగి పైకి పోతుంది. దాని వెంట అరచెయ్యి రాదు. ఫోనును చేత్తో పట్టుకోకుండా ఆడేవాళ్ళు లోకం మొత్తమ్మీద ఎక్కడైనా ఉన్నారంటే, ఆ ఒక్క ఆఫీసులోనే ఉన్నారు.

మర్నాడు సోమవారం పొద్దున్నే ఆమె యజమాని గదికి వెళ్ళి బాబాయి సంగతి తప్ప అంతా చెప్పింది. ఆయన టీ తాగుతూ తాపీగా విన్నాడు. ఫిర్యాదుల జాబితా తెరిచాడు. సంగీతం గోలగా ఉందన్నవాళ్ళు ఇరవై ఇద్దరు. ఏటి రంగు బాగాలేదన్నవాడు ఒకడు, వాడే ఆరుసార్లు. బొత్తాం గురించి ఒక్కటీ లేదు.

"లక్షమందమ్మా. మూడు నెలలు. ఒక్కడంటే ఒక్కడు నోరెత్తలేదు. లేని నొప్పికి మందు నూరమంటావా?"

"నోరెత్తరు సార్. తమ చెయ్యే జారిందనుకుంటారు."

"అనుకోనీ. మనకేం?"

ఆ 'మనకేం' తగలాల్సిన చోటే తగిలింది. ఆమె బయటికొచ్చి, ఎలక్ట్రీషియన్ డబ్బాలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని, ఒక చివరనుంచి మరలు విప్పడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి పదకొండు ఫోన్లూ స్టాండ్లలోంచి విడుదలయ్యాయి. నాలుగు గంటల టీ వేళకు ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఫోను పెట్టింది. ఒంటిచేత్తో పట్టుకుని ఆడాలి, పడవ నింపాలి, ఏం జరిగిందో చీటీ మీద రాయాలి, పేరు రాయకుండా మడిచి అట్టపెట్టెలో వెయ్యాలి. ఇంతే. యజమాని బల్ల మీద కూడా ఒక ఫోనూ ఒక చీటీ పెట్టి, ఏమీ చెప్పకుండా వచ్చేసింది.

మర్నాడు అందరికన్నా ముందు వచ్చి ఆ చీటీలను గోడకు వరసగా అంటించింది. పదకొండు చీటీలు. ఎడమచేతివాటం ఉన్న ఒకాయన తనకేమీ కాలేదని రాశాడు. ఇంకెవరో పాడేవాడి గొంతు బాగుందని రాసి ఊరుకున్నారు. మిగిలిన తొమ్మిదింటిలో, తొమ్మిది రకాల చేతిరాతల్లో, ఒకటే ముక్క. నా చెయ్యి జారింది.

వచ్చినవాళ్ళు వచ్చినట్టు గోడ ముందు ఆగిపోయారు. ముందు తన చీటీ ఎక్కడుందా అని చూసుకోవడం, ఆ తర్వాత పక్కది చదవడం, ఆ తర్వాత దాని పక్కది. కాసేపటికి బొమ్మలు వేసే అమ్మాయి మెల్లిగా, "నేనొక్కదాన్నే అనుకున్నాను" అంది.

తొమ్మిదింటిలో ఒకటి ఆకుపచ్చ సిరాతో ఉంది. ఆ ఆఫీసులో ఆకుపచ్చ సిరా వాడేది ఒక్కరే. ఆయన పదిన్నరకు వచ్చాడు, గోడ ముందు నిలబడ్డాడు, మొదటినుంచి చివరిదాకా చదివాడు, జేబులో పైకి కనిపిస్తున్న పెన్నును రెండు వేళ్ళతో ఇంకొంచెం లోపలికి తోశాడు. బొత్తాం మార్చుకోండి, శనివారానికి కొత్త కూర్పు పోవాలి అని, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆకుపచ్చ సిరా గురించి ఎవరూ నోరు జారలేదు. చూసి చూడనట్టు ఊరుకోవడంలో ఉన్న సుఖం ఆ రోజంతా అనుభవించారు.

ఆటకు ప్రోగ్రాము రాసేవాణ్ణి అక్కడ మౌని అంటారు. నెలకు పది మాటలు మాట్లాడతాడు. పదకొండో మాట అవసరమైతే ఒకటో తారీఖు దాకా ఆగుతాడు. అతను బుధవారానికి ఒక ఉపాయం చేసి తెచ్చాడు. 'అందరూ దిగండి' నొక్కితే, తెర మధ్యలో ఒక ప్రశ్న వస్తుంది: నిజంగా అందరినీ దింపెయ్యాలా? అవును, కాదు. వినడానికి చక్కగానే ఉంది. పొద్దున అందరూ ప్రశ్న చదివి జవాబిచ్చారు. మధ్యాహ్నానికి సగం చదివి జవాబిచ్చారు. సాయంత్రానికి ప్రశ్న రావడమే ఆలస్యం, వేలు దానంతటదే 'అవును' మీద పడుతోంది. బొమ్మలు వేసే అమ్మాయిని పట్టుకుని, ఇందాక తెర నిన్నేమడిగిందని అడిగితే, అడిగిందా అని తిరిగి అడిగింది.

ఆ రోజు సాయంత్రం ఇంట్లో బాబాయి గోళ్ళు తీసుకుంటుంటే కొర్రీలక్క పక్కన చేరి, క్రేను మీద ఎప్పుడైనా బరువు తప్పు చోట దింపావా అని మాటవరసకు అడిగినట్టు అడిగింది.

"ఎందుకు దింపను? దింపితే ఏముంది, మళ్ళీ ఎత్తుతాను, మళ్ళీ పెడతాను. ఎత్తడానికి కొక్కెం తగిలించే ఉంటుందిగా. నిజంగా దింపుతావా, నిజంగా దింపుతావా అని ప్రతిసారీ ఎవడైనా నన్ను అడిగితే, ఆ అడిగినవాణ్ణే ఎత్తి ఓడ అవతల పెట్టి వస్తాను."

గురువారం పొద్దున ప్రశ్న తీసేశారు. 'అందరూ దిగండి' బొత్తాన్ని అడుగు మూలనుంచి పెరికి, తెర పైభాగం నట్టనడుమ, కుడిచేతివాడికైనా ఎడమచేతివాడికైనా పనిగట్టుకుని వెళ్తే తప్ప అందనిచోట పాతారు. అది నొక్కితే మనుషులు దిగిపోతారు గానీ, ఎవరి చోట వాళ్ళ నీడలు లేతగా కూర్చునే ఉంటాయి. పక్కనే కొత్త బొత్తాం వెలుగుతుంది, 'మళ్ళీ ఎక్కండి' అని. ఒక్కసారి నొక్కితే అందరూ ఎవరి నీడలోకి వాళ్ళు వచ్చి కూర్చుంటారు. అందరూ కూర్చున్నాక దాని మీద మాట 'వెనక్కి' అని మారుతుంది, అప్పుడు నొక్కితే చివర ఎక్కించినవాడు ఒక్కడు ఒడ్డుకు పోతాడు. ఇంకోసారి నొక్కితే అంతకు ముందువాడు. అలా ఎంతదూరం వెనక్కి పోనివ్వాలన్న దగ్గర పేచీ వచ్చింది. మౌని ఐదు వేళ్ళు చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. పది చూపించాడు. మళ్ళీ ఊపింది. మొదటివాడు ఎక్కిన క్షణం దాకా పోవాలంది. ఆట మూసేసి, భోంచేసి, పడుకుని లేచి మళ్ళీ తెరిచినా పోవాలంది. మౌని కళ్ళు మూసుకుని ఒక పెద్ద నిట్టూర్పు విడిచాడు. ఆ రోజంతా రాశాడు.

శుక్రవారం మధ్యాహ్నం 'సరే' కాగితం బల్ల మీదకు వచ్చింది. దానికి పిన్ను పెట్టి, ఆడేవాళ్ళందరి తెరల మీద కొత్త కూర్పుతోపాటు కనిపించే నాలుగు ముక్కల ప్రకటన కూడా. రాసింది యజమాని. కొన్ని చిన్న మెరుగులు చేశాం, ఆనందించండి. అంతే.

ఆమె ఆ రెంటినీ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు. బయట పదిమందీ పనిచేస్తున్నట్టు చాలా శ్రద్ధగా నటించారు.

"సంతకం పెట్టాలంటే ఈ ప్రకటన మారాలి సార్" అని, తను రాసుకొచ్చిన కాగితం ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. 'ఇన్నాళ్ళూ మీకు తెలియకుండానే మీ పడవ ఖాళీ అయిపోయి ఉంటే, ఆ తప్పు మాది. బొత్తాన్ని పెట్టకూడని చోట పెట్టాం. మీ చేతులు బాగానే ఉన్నాయి.'

ఆయన మొహం కందగడ్డలా అయింది. అయినా గొంతు పెంచలేదు. అడిగిన బొత్తాం ఇచ్చాననీ, గెలిచినచోట ఆగడం కూడా నేర్చుకోవాలనీ, తప్పు మాదని మన నోటితో మనమే చాటింపు వేస్తే తెల్లారేసరికి లక్షమందీ గుమ్మంలో ఉంటారనీ బుజ్జగింపుగా చెప్పాడు. ఉండనివ్వమంది ఆమె. బొత్తాం జరిపితే రేపటివాళ్ళకు మేలు. నిన్నటివాళ్ళు చేతులు పాడయ్యాయని ఇంకా అనుకుంటూనే ఉంటారు, వాళ్ళ మాటేమిటంది. ఆయన 'తప్పు' తీసేసి 'అసౌకర్యం' అని వేద్దామన్నాడు. ససేమిరా అంది. ఇక లాభం లేదని ఆయన బీరువా తెరిచి, పాత దస్త్రంలోంచి ఒక కాగితం లాగి ఆమె ముందు పడేశాడు. మూడు నెలల నాటి 'సరే' కాగితం.

"తప్పు తప్పు అంటున్నావే. దీని మీద సంతకం ఎవరిదమ్మా?"

బయట కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఈ మాటతో ఆమె తల దించుకుంటుందని ఆయన లెక్క. ఆమె తల దించింది, కాగితం మీదకి. ఆయన బల్ల మీదున్న పెన్నే తీసుకుని, తన సంతకం మీద ఇటునుంచి అటు ఒక గీత కొట్టింది. పక్కన రాసింది: ఈ సంతకం తప్పు, ఫోను చేత్తో పట్టుకుని చూడలేదు. కింద తేదీ వేసింది.

"నాదే సార్. తీసేశాను. ఇప్పుడు పాత కూర్పుకీ సంతకం లేదు, కొత్త కూర్పుకీ లేదు. తలుపు పైన మీరు రాయించిన దాని ప్రకారం రెండూ గడప దాటకూడదు."

"పెట్టిన సంతకం వెనక్కి తీసుకోవడం ఎక్కడైనా ఉందా?"

"ఈ ఆఫీసులో దేనికీ వెనక్కి తీసుకోవడం లేదు సార్. ఈ వారమే మొదలైంది."

బయట ఎవరికో పొలమారింది. యజమాని లేచి నిలబడ్డాడు. ఈ సంతకం ఇంకొకళ్ళ చేత పెట్టించగలననీ, రేపటినుంచి ఈ కుర్చీలోకి ఇంకొకళ్ళని తెచ్చుకోగలననీ అన్నాడు. తెచ్చుకోండి, తలుపు పైన రాత చెరిపించి మరీ తెచ్చుకోండి అని ఆమె కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

ఆయన మౌనిని పిలిచాడు. మౌని వచ్చి, యజమాని ప్రకటన చదివాడు, కొర్రీలక్క ప్రకటన చదివాడు. యజమాని అందించిన పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. అతను పెన్నుకు మూత పెట్టి, కొర్రీలక్క కాగితం మీద జాగ్రత్తగా ఉంచాడు.

"రెండు నెలల కిందట నేను డాక్టరుకి బొటనవేలు చూపించుకున్నాను సార్. ఆ బొత్తాం అక్కడ పెట్టింది నేనే. అయినా వేలే పాడైందనుకున్నాను."

ఆ నెల మాటలన్నీ ఒక్క దెబ్బకు అయిపోయినట్టున్నాయి. మౌని వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

యజమాని మళ్ళీ కూర్చుని తన ప్రకటనను నిలువునా కొట్టేసి, ఆమె కాగితం కింద ఆకుపచ్చ సిరాతో సరే అని రాశాడు. వచ్చే ఉత్తరాలన్నిటికీ నువ్వే జవాబు రాసుకోవాలి, నా దగ్గరికి ఒక్కటి కూడా రాకూడదు అన్నాడు. రాసుకుంటానని చెప్పి, కొత్త కాగితం మీద సంతకం పెట్టింది. ఈసారి ఫోను ఎడంచేతిలో పట్టుకునే ఉంది.

ఆదివారం పొద్దున బాబాయి ఆట తెరిచాడు. ప్రకటన ఒకసారి లోపల చదువుకున్నాడు. ఇంకోసారి పెదవులు కదుపుతూ చదివాడు. మూడోసారి పిన్నిని పిలిచి, అక్షరం అక్షరం పైకి చదివి వినిపించాడు. చివరి వాక్యాన్ని మళ్ళీ చదివాడు.

"ఇది రాసిందెవరు?"

"నేనే బాబాయ్."

"బొత్తాన్ని ఆ మూలన చూసి కూడా బాగుందని ఒప్పుకున్నదెవరు?"

"అదీ నేనే. పోయిన ఆదివారమే చెప్పాల్సింది. నోరు రాలేదు."

పిన్ని మధ్యలోకి రాబోయింది. బాబాయి చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు.

"నాలుగు వారాలు నా చెయ్యిని నేను పరాయివాణ్ణి చూసినట్టు చూశానే. గ్లాసు పట్టుకున్నా అనుమానం, గొళ్ళెం పెట్టినా అనుమానం. అదంతా ఎవరిస్తారు నాకు తిరిగి?"

అది తిరిగి ఇవ్వలేనని ఆమె ఒప్పుకుంది. బాబాయి గుర్రుగా చూశాడు.

"క్షమించడం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది వెనక్కి ఎలా వస్తుందో చూపించు."

చూపించింది. ఆయన పన్నెండు మందినీ ఎక్కించి, కావాలనే పైనున్న బొత్తాన్ని పొడిచి అందరినీ దింపాడు. మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ దింపాడు. అలా పదిహేనుసార్లు, మొహమ్మీద ఒక్క నవ్వు లేకుండా, పాత బాకీ తీర్చుకుంటున్నవాడిలా. ఆ తర్వాత చొక్కా జేబులోంచి గేటు ఉద్యోగం కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. ఆ ముక్కల్ని పిన్ని కుంటుతున్న బల్ల కాలి కింద పెట్టింది. బల్ల కుదురుకుంది.

సోమవారం కొర్రీలక్క పూట సెలవు పెట్టింది. అప్పటికే నాలుగువందల ఉత్తరాలు వచ్చిపడ్డాయని యజమాని పొద్దున్నే ఫోను చేసి చిందులు తొక్కాడు. సగంమంది తిట్టారట. మిగతా సగం నేనొక్కణ్ణే అనుకున్నానని రాశారట. అన్నిటికీ మధ్యాహ్నం వచ్చి జవాబు రాస్తానని చెప్పి, బాబాయి వెంట రేవుకు వెళ్ళింది.

పరీక్ష పెట్టేవాడు కొత్తవాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గళ్ళు గళ్ళుగా ముద్రించిన కాగితం. నేలమీద సుద్దతో నలుచదరంగా గీత గీయించాడు. ఇరవై టన్నుల పెట్టెను మూడుసార్లు ఎత్తి మూడుసార్లు ఆ గీతల్లో దింపాలి. ముందుగా కాగితం చూసి, ఈమధ్య చేతుల్లో వణుకుగానీ పట్టు తప్పడంగానీ ఏమైనా గమనించారా అని అడిగాడు.

"నాలుగు వారాలు గమనించాను. విచారణ చేయిస్తే తప్పు నాది కాదని తేలింది. వాళ్ళు రాసిచ్చారు కూడా" అని, ఏ గడిలో ఏం రాయాలో తోచక ఆ మనిషి తికమకపడుతుండగానే బాబాయి నిచ్చెన ఎక్కేశాడు.

మొదటిసారి పెట్టె దిగింది. సుద్దగీత నాలుగువైపులా వేలెడు వెడల్పున సమానంగా కనపడింది. రెండోసారి పెట్టె వచ్చి, గీతకు జానెడు అవతల దిగింది. పరీక్షకుడు పెన్ను పైకెత్తాడు. పైనుంచి హారను ఒకసారి మోగింది. గాజు గదిలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, ఆగమన్నట్టు అరచెయ్యి చూపించింది. తీగ బిగిసింది. పెట్టె నేలనుంచి బెత్తెడు లేచి, కాస్త ఆగి, జానెడు ఇటు జరిగి, సుద్ద రేగకుండా గీతల మధ్య కూర్చుంది. హారను ఇంకోసారి మోగింది.

పరీక్షకుడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. సరిగ్గా దింపితే ఒక గడి ఉంది. తప్పుగా దింపితే ఒక గడి ఉంది. తప్పుగా దింపి, ఎవరూ చెప్పకముందే తనంతట తానే ఎత్తి సరిచేసుకున్నదానికి అందులో గడి లేదు.

కొర్రీలక్క ఆయన భుజం పక్కగా వంగి కాగితంలోకి చూసింది.

"ఇక్కడ చోటుంది సార్," అంది. "కొత్త గడి గీయండి."